బట్టు నంబరు 42: పుల్‌త్రూ వ్యాఖ్యా సమేతం

అవతారిక

మా మేనల్లుడు ఆర్మరర్. పోలీసు తుపాకులకు వచ్చే జబ్బులు చూసే వైద్యుడన్నమాట. గోదావరికి ఈ ఒడ్డున కొన్నేళ్లు, ఆ ఒడ్డున కొన్నేళ్లు కొలువు చేశాడు. మొన్న ఒక ఆదివారం కరీంనగర్‌లో మా ఇంటికి వచ్చి, సంచిలోంచి మామిడికాయలు తీసినంత మామూలుగా ఒక కాగితం తీసి నా ముందు పెట్టాడు.

“మామా, కాగితాలన్నీ తెలుగుల రాయమంటున్నరు. ఇంగ్లీషుల అయితే పాతది చూసి దింపుతుంటి. నువ్వు ముప్పై ఏండ్లు బడిల తెలుగు చెప్పినవు గద, జర దిద్దియ్యి.”

అధికార భాషా చట్టం వచ్చింది 1966లో. అది మావాడి బల్ల దాకా నడిచి రావడానికి పట్టిన కాలం సంగతి ఇక్కడ అప్రస్తుతం. కాగితంలో ఉన్నది ఇంతే:

మూలం

బట్టు నంబరు నలభై రెండు ఎసెల్లార్. ముంగటి చెక్క పలిగింది. గ్యాసు బ్లాకు ఊగుతున్నది. రెండు మార్చాలె.

కళ్లద్దాలు తుడుచుకుని నాలుగుసార్లు చదివాను. చివరి వాక్యంలో ‘రెండు’ను ‘రెండూ’ చేశాను. ఒక్క దీర్ఘం. అంతకు మించి ఎర్ర సిరాకు పని దొరకలేదు. దిద్దడానికేమీ లేని వాక్యం చేతికి చిక్కితే పదవీ విరమణ చేసిన తెలుగు పండితుడు ఏం చేస్తాడు? టీక రాస్తాడు.

మాకు దగ్గరి మెదకు సీమలోని కొల్చారం, మల్లినాథ సూరి ఇంటిపేరులో నిలిచిన ఊరు. కాళిదాసు కావ్యాలకు టీక రాస్తూ ఆయన రెండు మాటలిచ్చాడు: మూలంలో లేనిది రాయననీ, అక్కర లేనిది చెప్పననీ. మొదటి మాటను నేనూ వీలైనంత పాటిస్తాను. రెండోది పాటిస్తే పత్రికవాళ్లకు పేజీ నిండదు.

ప్రతి టీకకూ ఒక పేరుండాలి కనుక దీనికి ‘పుల్‌త్రూ’ అని పెట్టాను. పుల్‌త్రూ అంటే తుపాకీ గొట్టంలోకి ఒక కొసన జారవిడిచి, రెండో కొసకు గుడ్డపేలిక కట్టి, ఇటునుంచి అటు లాగే తాడు. లోపలి మసి ఆ పేలికకు అంటుకుని వస్తుంది. సూత్రమన్నా తాడే. సూత్రానికి వ్యాఖ్య అన్న సంప్రదాయం దీనితో చెడలేదు.

ప్రతిపదార్థం

బట్టు నంబరు = తుపాకీ వెనక భుజానికి ఆనించే చెక్క మీద రంగుతో రాసిన అంకె. ఉక్కు మీద కార్ఖానాలో చెక్కిన అంకె వేరే ఉంటుంది. అది జన్మనక్షత్రం వంటిది, జాతకం రాసేటప్పుడే కావాలి. బట్టు నంబరు పిలుపు పేరు. డ్యూటీకి తుపాకీ తీసుకున్నా, తిరిగి అప్పగించినా దాని మీదే సంతకం.

దీనికి పూర్వప్రయోగం విరాటపర్వంలో ఉంది. జమ్మిచెట్టు మీది ఆయుధాల మూట విప్పి, ఈ విల్లు ఎవరిది, ఆ కత్తి ఎవరిది అని ఉత్తరుడు ఒక్కొక్కటే అడుగుతాడు. బృహన్నల ఒక్కొక్కదానికీ యజమాని పేరు చెబుతాడు. ముప్పై ఏళ్లు దాన్ని నేను వర్ణనగా పాఠం చెప్పాను. మావాడి రిజిస్టరు చూశాక అది స్టాకు తనిఖీ అని అర్థమైంది. ఆయుధాలు దాచే గదిని మన పోలీసులు ఇప్పటికీ ‘బెల్ ఆఫ్ ఆర్మ్స్’ అంటారు. వెనకటి దండుల్లో తుపాకులు పేర్చే గుడారం గంట ఆకారంలో ఉండేది, ఆ పేరు మిగిలింది. పాండవులది గంట కాదు, చెట్టు. కాపలాకు సెంట్రీ లేడు, శవమొకటి కట్టి ఉందన్న పుకారు చాలింది. ఏటా దసరాకు ఆ గదిలో తుపాకులకు కుంకుమ బొట్లు పెట్టి, జమ్మి ఆకు ‘బంగారం’ పంచుకుంటున్నారంటే, శాఖకు తన మూలపురుషులెవరో గుర్తున్నట్టే.

నలభై రెండు = సంఖ్య. దీని సంగతి ఛందస్సు దగ్గర.

ఎసెల్లార్ = సెల్ఫ్ లోడింగ్ రైఫిల్; తన కడుపు తానే నింపుకునే తుపాకీ. ఒక్క నొక్కుకు ఒక్క గుండు. రెండో గుండుకు మళ్లీ నొక్కాలి, నింపే పని మాత్రం మనది కాదు. దీనికి ముందున్న త్రీనాట్‌త్రీలో ప్రతి గుండుకూ బోల్టు వెనక్కి లాగి ముందుకు నెట్టాలి. అది సూదీ దారంతో కుట్టడమైతే ఇది మిషను కుట్టు. పెట్టెలో 20 తూటాలు.

మూలరూపం బెల్జియంలో సైవ్ అనే ఇంజనీరు ఊహించింది. 1962 చైనా యుద్ధం తర్వాతి కాలంలో హుగ్లీ ఒడ్డున ఇషాపూర్ కార్ఖానాలో మనవాళ్లు తయారు చేయడం మొదలుపెట్టారు. బెల్జియం వారిది మిల్లీమీటర్ల లెక్క, బ్రిటిషు వారిది అంగుళాల లెక్క. ఇషాపూర్ వారు రెండింటినీ ముందు పెట్టుకుని మూడోది చేశారు. ఆలంకారికులు దీన్నే మణిప్రవాళమంటారు. పాల్కురికి సోమన ఒకే పద్యంలో రెండు భాషలు పొదిగితే శివుడు మెచ్చాడేమో గాని, ఇక్కడ బాధ స్టోరుకీపరుకు. పేరు ఒకటే కదా అని బయటి దేశపు విడిభాగం తెచ్చి తొడిగితే చాలావరకు కూర్చోదు. మెట్రిక్ అల్లుణ్ని అంగుళాల అత్తవారింట్లో కూర్చోబెట్టినట్టు ఎక్కడో ఒకచోట ఇరుకు.

ఇక్కడొక మాట చెప్పకుండా ముందుకు పోలేను. ఈ మూడక్షరాలు పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో నిఘంటువు చూసి నేర్చుకున్నవి కావు. 1978లో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో గోండుల మీద కాల్పులు జరిగాయి. ఆ తర్వాతి రెండు మూడు దశాబ్దాల్లో మా బడికి వచ్చే పిల్లల్లో కొందరు, అక్షరాలు కూడబలుక్కునే వయసులోనే, రోడ్డు మీద నిలబడ్డవాడి భుజాన ఉన్నది త్రీనాట్‌త్రీనా ఎసెల్లారా అని దూరం నుంచే చెప్పేవాళ్లు. ఊళ్లోకి ఇద్దరు వేరు వేరు మనుషులు వచ్చినా భుజాన తుపాకీ ఒకటే అయిన రోజులు కూడా ఉన్నాయి. నలభై రెండు ఆ రోజుల్లో ఎక్కడ తిరిగిందో మావాడిని అడిగాను. “రిజిస్టర్ల అది రాయరు మామా” అన్నాడు. టీకాకారుడు మూలంలో లేనిది రాయకూడదు.

ముంగటి చెక్క = హ్యాండ్ గార్డు. ఎడమ చేత్తో పట్టుకునే భాగం. గొట్టానికి కుడి ఎడమల రెండు చెక్కలు, వాటిని కలిపి బిగించే మర. వరసగా కాలిస్తే గొట్టం పెనంలా కాగుతుంది. ఆ వేడికీ చేతికీ మధ్య ఉండేది ఇదే. విగ్రహవాక్యం: చేతి కొరకు కాపు, చతుర్థీ తత్పురుషం. చేతి యొక్క కాపు అని షష్ఠి చెప్పేవారున్నారు గాని, ఆ గార్డు చేతికి చెందదు, ప్రభుత్వానికి చెందుతుంది. పోతే లెక్క చెప్పాల్సింది చెయ్యి.

నేను దీనికి ‘చేకాపు’ అనీ, గ్యాసు బ్లాకుకు ‘వాయుబంధం’ అనీ పేర్లు పెట్టి చూపించాను. మావాడు చదివి, కాసేపు ఆగి, “ఇట్ల రాస్తే నన్ను ఆయుర్వేద దవాఖానకు ట్రాన్స్‌ఫర్ చేస్తరు మామా” అన్నాడు. వెనక్కి తీసుకున్నాను.

పలిగింది = పగిలింది. గ, ల అక్షరాలు స్థానాలు మార్చుకున్నాయి. వ్యాకరణంలో దీని పేరు వర్ణవ్యత్యయం. దీన్ని తప్పని కొట్టేసే మేధావులకు నా మనవి: చెక్క పగిలినప్పుడు వర్ణాలు ఉన్నచోట ఉండకపోవడంలో వింతేముంది?

పలిగిన చెక్కకు ప్రస్తుత వైద్యం బైండింగ్ వైరు. మావాడి సెల్లులో ఫొటో చూశాను. కరీంనగర్ వెండి తీగ పని లోకమంతా పేరు పడింది. ఇది అది కాదు. నిర్మల్ బొమ్మలు చేసే పొనికి చెక్కతో కొత్తది చెక్కిస్తే ఎట్లుంటుందని అడిగాను, నిర్మల్‌లో ఒకప్పుడు ఫిరంగులు కూడా పోతపోశారు గదా అని గుర్తుచేశాను. పొనికి దూదిలా తేలిక, మెత్తన. రంగుల చిలకకు సరిపోతుంది, కాగిన గొట్టం పక్కన నిలవదు. ఇక్కడి నేలకు ఆయుధం కొత్త కాదు సుమా. నిర్మల్‌కు కొద్ది దూరంలోని కోనసముద్రం ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చి కూర్చునేవాళ్లు. డమాస్కస్ కత్తులన్న పేరు ఆ ఊరిది, కడుపులోని ఉక్కు మనది. కత్తికి గ్యాసు బ్లాకు లేదు కనుక ఈ ప్రసంగం ఇంతటితో చాలు.

గ్యాసు బ్లాకు = ఈ మూలానికి ప్రాణపదం. తూటాలోని మందు అంటుకోగానే వాయువు పుట్టి గుండును తోస్తుంది. ఆ వాయువంతా గుండు వెంట పోదు. గొట్టం పైభాగాన సన్నటి రంధ్రం ఉంటుంది. గుండు దాన్ని దాటగానే కాస్త వాయువు ఆ రంధ్రంలోంచి పైకి మళ్లుతుంది. ఆ మళ్లింపు దగ్గర గొట్టానికి తొడిగి, పిన్నుతో బిగించిన ఉక్కు ముక్కే బ్లాకు. అక్కణ్నుంచి ఆ వాయువు పిస్టన్ను వెనక్కి కొడుతుంది. పిస్టన్ వెళ్లి వెనక తలుపును తోస్తుంది. కాలిన తూటా డొల్ల బయటికి ఎగురుతుంది. స్ప్రింగు తలుపును మళ్లీ మూస్తూ కొత్త తూటాను లోపలికి నెడుతుంది. రెప్ప వాల్చేలోపు ఇదంతా అయిపోతుంది.

కల్లంలో వడ్లు కొలిచేనాడు కమ్మరి, వడ్రంగి, చాకలి తమ మేర తీసుకుపోయేవాళ్లు. పంట రైతుది, మేర పనివాళ్లది. ఆ మేర లేకపోతే మరుసటేడు నాగలికి కర్రు సాగదు. రైఫిల్లో పంట గుండు, మేర గ్యాసు. ఎంత మేర తీయాలో చెప్పేది పక్కనున్న రెగ్యులేటరు. ఎక్కువ తీస్తే లోపలి సామాను దెబ్బలు తిని అరుగుతుంది. తక్కువ తీస్తే ఖాళీ డొల్ల బయటపడక సగంలో ఇరుక్కుని తుపాకీ మొరాయిస్తుంది. మసి పట్టిననాడు కాస్త ఎక్కువ, శుభ్రంగా ఉన్ననాడు కాస్త తక్కువ. మేర కూడా అట్లాగే ఏటి పంటను బట్టి మారేది.

ఊగుతున్నది = ప్రమాద సూచకం. కావ్యంలో ఊగేవి ఉయ్యాలలు, కర్ణాభరణాలు. తుపాకీలో ఊగకూడని వాటిలో ఇది మొదటిది. ఎందుకో కింద విశేషంలో చూడండి.

రెండూ = పలిగిన చెక్కా, ఊగే బ్లాకూ. దీర్ఘం సముచ్చయార్థకం. దీర్ఘం లేని ‘రెండు’కు ‘ఏవో రెండు’ అని కూడా అర్థం వస్తుంది. అందుకే ఎర్ర సిరా.

మార్చాలె = విధ్యర్థకం. కర్త లేడు. ఎవరు మార్చాలి, ఎవరు పంపాలి, ఎవరు డబ్బు మంజూరు చేయాలి అన్నవన్నీ అధ్యాహారం. ప్రభుత్వ గద్యానికి ఇది జీవలక్షణం.

విశేషం

మొదటి చదువులో నాకు రెండు రోగాలూ సమానంగానే కనిపించాయి. మావాడు నవ్వాడు. “చెక్క నేను ఒక్క పూటల మారుస్త. మర ఇప్పి, పాతది తీసి, కొత్తది పెట్టుడే. బ్లాకు అట్ల కాదు మామా. దానిమీదనే ఫోర్‌సైట్ ఉంటది.”

ఫోర్‌సైట్ అంటే గురి చూసే ముందు ముల్లు. ఈ జాతి రైఫిల్లో ఆ ముల్లు గొట్టం మీద కాదు, గ్యాసు బ్లాకు తల మీద నిలబడి ఉంటుంది. కనుక బ్లాకు వెంట్రుకవాసి కదిలితే ఊపిరితో పాటు చూపు కూడా కదులుతుంది. కన్ను, వెనక రంధ్రం, ముందు ముల్లు, లక్ష్యం నాలుగూ ఒక వరసలో ఉన్నట్టే కనిపిస్తాయి, గుండు మాత్రం వేరే ఊరికి పోతుంది. అందుకే బ్లాకు పని వర్క్‌షాపుకు పంపాలి. పిన్ను తీసి, కొత్తది గొట్టం రంధ్రానికి సరిగ్గా కుదిర్చి బిగించిన తర్వాత ఫైరింగు రేంజికి తీసుకుపోయి, కాగితపు గురి మీద కాల్చి చూసి, ముల్లును సవరించాలి. దీన్ని జీరో చేయడమంటారు. జీరోకు మన పూర్వులు శూన్యమని పేరు పెట్టి తత్వం చెప్పారు. వీళ్లు దాన్ని మేకుకు కట్టి వాడుకుంటున్నారు.

ఇంకో మాట అన్నాడు, అది నన్ను రాత్రంతా పట్టుకుంది. ముంగటి చెక్క బాగా బిగువుగా ఉండాలి గాని గొట్టాన్ని ఒత్తకూడదట. కాగిన గొట్టం సాగుతుంది. చెక్క దాన్ని ఒకపక్క నుంచి అదిమితే గురి తప్పుతుంది. పోటీల్లో కాల్చే నేటి రైఫిళ్లలో కొన్నింటికి ముంగటి తొడుగును గొట్టం తాకకుండానే వెనక నుంచి నిలబెడతారట. చెయ్యి కాలకుండా కాపాడాలి, ఉక్కును మాత్రం తన దారికి వంచకూడదు. నేను పిల్లలకు చెప్పిన తాత్పర్యాలు గుర్తొచ్చాయి. పద్యం వేడిగా ఉందని గుడ్డలు చుట్టి చుట్టి పట్టుకున్నవి కొన్ని. అవి పద్యాన్ని ఎంత పక్కకు వంచాయో నాకు తెలుసు. పేర్లు చెప్పను, అందులో సగం నావే.

శంకాసమాధానం

శంక: ఇంత చదివాక, చేతిపని వచ్చిన గృహస్థుడొకడు ఇలాంటి తుపాకీ కొనుక్కుని చెక్కా బ్లాకూ ఇంట్లోనే మార్చుకోవచ్చా? అమెరికాలో ఉన్న మా పెద్దవియ్యంకుడి కొడుకు గరాజులో ఇదే చేస్తున్నాడని విన్నాం.

సమాధానం: వాడు చేయగలడు, మీరు చేయలేరు. మన 1959 ఆయుధ చట్టం, దాని నియమాల ప్రకారం సెమీ ఆటోమేటిక్ రైఫిళ్లు, అందునా ప్రభుత్వ బలగాలు వాడే 7.62 తూటా పట్టేవి, నిషిద్ధ వర్గంలోకి వస్తాయి. పొలం కాపలాకు లైసెన్సు మీద ఇచ్చే గొట్టపు తుపాకీ వేరు, ఇది వేరు. కాబట్టి ఈ శాస్త్రానికి అధికారి ఆర్మరర్ ఒక్కడే. తక్కినవారికి శ్రవణాధికారం మాత్రమే.

ఛందస్సు

ఇది వచనమా, పద్యమా? కరీంనగర్ దగ్గరి కురిక్యాలలో బొమ్మలమ్మ గుట్ట మీద పంప కవి తమ్ముడు జినవల్లభుడు సుమారు 945లో వేయించిన శాసనంలో తెలుగు కంద పద్యాలున్నాయి. రాతి మీద కందం చెక్కిన నేల కనుక ఇక్కడి కాగితాల్లో కూడా కందం దాగి ఉంటుందేమోనని వెతకడం నా అలవాటు. ‘నలభై’ లఘువు, లఘువు, గురువు: సగణం. నాలుగు మాత్రలు, కందానికి సరి. ‘రెండు’ గురువు, లఘువు: మూడే మాత్రలు. ఒక మాత్ర తక్కువ. ఈ సంగతి చెబితే మావాడు ఉలిక్కిపడ్డాడు. “కరెక్టే మామా, దానికి గ్యాసు తక్కువ కొడుతున్నది. రెండో రౌండుకే ఆగుతది!” శాస్త్రాలన్నీ ఒకచోటనే కలుస్తాయనడానికి ఇంతకన్నా సాక్ష్యం నాకు అక్కర్లేదు. అతనికి మాత్రం నా మాట మీద నమ్మకం ఆ క్షణం నుంచే మొదలైంది.

పాఠాంతరం

వంటింటి ప్రతిలో పాఠం వేరు. మేము ముందుగదిలో “గ్యాసు బ్లాకు, గ్యాసు బ్లాకు” అనుకుంటుంటే మా ఆవిడ గరిటె పట్టుకుని గడపలోకి వచ్చింది. “ఇగో, గ్యాసు బ్లాకుల దొరుకుతదా? అయితే మనకొకటి చెప్పున్రి. బుక్ చేసి పది రోజులాయె.” తర్వాత రెగ్యులేటరు మాట విని, “రెగ్యులేటరు మంచిగనే ఉన్నది, పైపే మార్చాలె” అని తీర్పు చెప్పింది. హ్యాండ్ గార్డు పలిగిందంటే హోంగార్డుకు దెబ్బ తగిలిందనుకుని, “అయ్యో, ఎవల పిలగాడు?” అంది.

ఇది శ్లేష. దీన్ని అపపాఠమని తోసెయ్యడానికి నాకు మనసొప్పలేదు. రెండు గ్యాసులకూ ధర్మం ఒకటే: లోపల ఒత్తిడి, సన్నని దారి, మేర నిర్ణయించే మర, వదులైతే ముప్పు. మల్లినాథుడికి ఇలాంటి పాఠాంతరాలు వంటింట్లోంచి వచ్చి ఉంటే ఆయన టీక సంజీవని ఇంకో వంద పుటలు పెరిగేది.

తాత్పర్యం

నలభై రెండో నంబరు రైఫిలుకు ముందరి చెక్క పగిలిపోయింది, వాయువును మళ్లించే బ్లాకు వదులైంది, కాబట్టి ఆ రెండింటినీ మార్చాలి అని భావం. (చూశారా, మూలం కన్నా పొడుగైంది. తాత్పర్యాలు ఎప్పుడూ ఇంతే.)

ఫలశ్రుతి

దీర్ఘం దిద్దిన కాగితం తీసుకుని మావాడు వెళ్లాడు. టీక కూడా జతచేయమన్నాను. “చేస్త మామా” అన్నాడు గాని, సంచిలో పెట్టుకునేటప్పుడు దాన్ని విడిగా మడవడం చూశాను. వారం తర్వాత ఫోన్ చేశాడు. కాగితం మీద పైవారు ఒక్క మాట రాసి కింద సంతకం చేశారట: “చూశాను.”

“దీనికి అర్థమేంది మామా? ఇస్తరనా, ఇయ్యరనా?”

చూచు ధాతువు, భూతకాలం, ఉత్తమపురుష ఏకవచనం అని చెప్పాను. కర్మ లేదు. ఏం చూశారో గ్రంథకర్తకే ఎరుక. ఉపనిషత్తుల్లో ఇంత పొట్టి వాక్యాలకు మూడు మతాలవాళ్లు మూడు భాష్యాలు రాశారు, ఓపిక పట్టమన్నాను.

నెలన్నర గడిచింది. నలభై రెండు బైండింగ్ వైరు చుట్టుకుని మూలన నిలబడే ఉంది. ఒక సాయంత్రం మళ్లీ ఫోన్.

“మామా, స్టోరు నుంచి సామాను వచ్చింది.”

“బ్లాకు వచ్చిందా?”

“బ్లాకు రాలే. చెక్కలు వచ్చినయ్. రెండు.”

“మంచిదే గదరా, కుడిది ఒకటి, ఎడమది ఒకటి.”

“రెండూ ఎడమవే.”

పంపిన కాగితం నకలు సెల్లులో పెట్టమన్నాను. పెట్టాడు. కళ్లద్దాలు పెట్టుకుని, వేళ్లతో పెద్దది చేసి చూశాను. టైపు కొట్టినవాడు దీర్ఘం వదిలేశాడు.